జాడీ మెడకి ఎర్ర దారం

మార్చి 11, సోమవారం

జలుబు పోయింది. జ్వరం తగ్గి మూడు వారాలైంది, దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. వాసన ఒక్కటే ఇంకా తిరిగి రాలేదు. వస్తుంది.

ఈస్టర్‌కి ముందు మాంసం మానే ఉపవాసాల మొదటి రోజు కాబట్టి మా చిపురో సారా కొట్టు కిటకిటలాడింది. కొండ మీద పిల్లల గాలిపటాలు, రేవు నిండా జనం. ఏథెన్స్ నుంచి వచ్చిన జంట ఒకటి కూర్చోగానే మెనూ అడిగింది. మా ఆయన ఆర్గిరిస్‌కి ఇలాంటి వాళ్లు దొరికితే పండగే.

"అమ్మా, ఇక్కడ మేం అడిగే ప్రశ్న ఒక్కటే. చిపురో సోంపు వేసింది కావాలా, వెయ్యనిది కావాలా? సీసాతో పాటు పళ్లెంలో ఏమొస్తుందన్నది మా ఆవిడ దయ" అన్నాడు.

"నచ్చకపోతే?" అంది ఆ అమ్మాయి.

"ఇంకో సీసా చెప్పండి, ఇంకో పళ్లెం వస్తుంది. సీసా సీసాకీ పళ్లెం మెరుగవుతుంది. మా ఆవిడ అలిగితే తప్ప."

గుప్పెట్లో పట్టే ఆ చిన్న సీసాలు అయిదయ్యేదాకా కూర్చున్నారు. ఆక్టోపస్ ముఖం చూశాకే లేచారు. పళ్లేలన్నీ ఖాళీగా లోపలికొచ్చాయి. ముప్పై నాలుగేళ్లుగా నేను లెక్కలోకి తీసుకునే మెచ్చుకోలు అదొక్కటే. బాగుందనే మాట ఎవరైనా అంటారు. ఖాళీ పళ్లెం అబద్ధమాడదు.

మార్చి 14, గురువారం

ఉప్పు తెలుస్తోంది. పులుపు తెలుస్తోంది. వాటి వెనకాల ఉండాల్సింది లేదు. ఉప్పు కాస్త ఎక్కువ వేస్తే ఏదో ఉన్నట్టు అనిపిస్తోంది.

మార్చి 25, సోమవారం

పండగ. ఊరంతా ఉప్పుచేప వేపుడూ వెల్లుల్లి ముద్దా. మా దగ్గర రెండో సీసాకే అది ఇచ్చేశాను.

రీజోస్ అన్నయ్య ఎప్పటిలా గోడ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. మా పెళ్లిలో మా తలల మీద కిరీటాలు మార్చిన పెళ్లిపెద్ద, డెబ్భై నాలుగేళ్లవాడు, ఒక్క రోజు మానకుండా మధ్యాహ్నం పన్నెండున్నరకి వస్తాడు. వెల్లుల్లి ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఏమైంది అన్నయ్యా?"

"ఏం లేదు చెల్లెమ్మా. ఈ ఏడు వెల్లుల్లి మంచి జోరు మీదుంది. నేల మహిమ."

మొత్తం తిన్నాడు. లోపలికొచ్చి గిన్నె చూసుకుంటే అనుమానమొచ్చింది, వెల్లుల్లి రెండుసార్లు నూరి వేశానేమోనని. వేసి ఉండను. ముప్పై నాలుగేళ్ల చెయ్యి.

మా ఆడపడుచు ఎవంథియా నిమ్మకాయల కోసం వచ్చింది. ఆవిడ కొట్టు రేవు ఆ చివర. ఆర్గిరిస్ సామాన్ల గదిలో పెద్ద గాజు జాడీల్లోంచి సీసాల్లోకి చిపురో పోస్తున్నాడు. రెండు జాడీలూ ఒకేలా ఉంటాయి, రెండింట్లోనూ ఉన్నది నీళ్లలాగే ఉంటుంది.

"ఇప్పటికీ గుర్తు కట్టలేదా అన్నయ్యా?" అందావిడ. ఆవిడ సోంపు జాడీ మెడకి ఎర్ర దారం కట్టుకుంటుంది.

"ముక్కున్న వాళ్లకి దారమెందుకు ఎవంథియా?" అన్నాను. నవ్వేసి పోయింది. ఆ మాట నేను ఏటా అంటాను. ఇవాళ కూడా అనేశాను.

ఏప్రిల్ 9, మంగళవారం

ఆల్చిప్పల అన్నం మాడింది. నేను పొయ్యి పక్కనే నిలబడి ఉల్లికాడలు తరుగుతున్నాను. బయట బల్లలు తుడుస్తున్న ఆర్గిరిస్ పరిగెత్తుకుంటూ వచ్చి గిన్నె దించాడు. అడుగు బొగ్గయింది.

"ఏ లోకంలో ఉన్నావు?" అన్నాడు.

"నువ్వు తగిలించిన కొత్త బర్నర్ పుణ్యం" అని అరిచాను. వాదించాల్సిన మనిషి వాదించకుండా కిటికీ తెరిచి వెళ్లిపోయాడు. దాంతో నాకు ఇంకా మండిపోయింది.

ఏప్రిల్ 17, బుధవారం

ఆర్గిరిస్‌కి మతి పోతోంది. నేను ఏరి, కడిగి, సిద్ధం చేసిన బుట్టెడు ఆల్చిప్పలు రేవులో కుమ్మరించాడు. ఎందుకయ్యా అంటే, "ఎండలో పెట్టాను, మర్చిపోయాను" అంటాడు. ఎండలో ఎప్పుడు పెట్టాడు? నా కళ్ల ముందే కదా ఉన్నాయి.

ఏప్రిల్ 28, ఈస్టర్

వీధంతా గొర్రెపిల్లలు కాల్చారు. ఇంటింటి ముందూ పొగ. కళ్లు మండాయి, అంతే.

అందరూ కళ్లు మూసుకుని ముక్కు ఎగబీలుస్తున్నారు, నలభై ఎనిమిది రోజుల ఉపవాసం తర్వాత ఎవరైనా చేసేదే. నేనూ ఎగబీల్చాను. లోపలికెళ్లి తలుపేసుకుని ఏడ్చాను. పండగ పూట ఏడ్చినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

మే 8, బుధవారం

పంటి నొప్పని చెప్పి వోలోస్ పట్నం వెళ్లి డాక్టర్‌కి చూపించుకున్నాను. చిన్న చిన్న సీసాలు ముక్కు దగ్గర పెట్టి ఏమిటో చెప్పమన్నాడు. కాఫీ అన్నాను, సబ్బు అన్నాను, ఏది తోస్తే అది అన్నాను. ఆరు నెలల్లో వస్తుందన్నాడు.

మే 13, సోమవారం

రేవు పిల్లులు ఈ ఏడు బాగా ఒళ్లు చేశాయి. రీజోస్ అన్నయ్య బల్ల కిందే మకాం. చేపలు బాగా పడుతున్నట్టున్నాయి.

మే 21, మంగళవారం

టౌన్ ఆఫీసు వాళ్లు వేసవి కాగితం అచ్చేసి పంచారు. బయటి ఊళ్ల నుంచి వచ్చే వాళ్ల కోసం. ఒక పక్క "ఎక్కడ తినాలి", రెండో పక్క "ఎక్కడ తాగాలి". కాగితం మొదలైన ఏటి నుంచీ తినాల్సిన చోట్లలో మొదటి పేరు మాదే. ఇవాళ నాలుగుసార్లు చదివాను. అందులో లేము. తాగాల్సిన చోట్లలో మూడోది, ఐస్‌క్రీమ్ బండికి కిందా పెట్రోల్ బంక్ పక్క కాఫీ కొట్టుకి పైనా, నా పేరుతో "అసిమీనా కొట్టు".

తల కొట్టేసినట్టయింది. వట్టి సీసా తాగి లేచిపోయే మనిషి మా ఊళ్లో ఎవడున్నాడు? మా దగ్గర తినడమూ తాగడమూ వేరే పనులా? పేరు తీసేసినా ఇంత బాధ పడకపోదును.

తినాల్సిన చోట్లలో మొదటి పేరు ఎవంథియాది.

ఆర్గిరిస్ కాగితం చూసి, "పోనిద్దూ, కాగితానికేం" అన్నాడు.

మే 22, బుధవారం

వెళ్లాను. మధ్యాహ్నం, కొట్టు నిండా జనం ఉన్నప్పుడే. కావాలనే.

"ఎంత తినిపించావే ఆఫీసు గుమాస్తాకి?" అన్నాను గుమ్మంలోంచి.

బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎవంథియా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేను కాదు వదినా. కాగితం చూసి నేనూ ఆశ్చర్యపోయాను. లోపలికి రా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"రా వదినా, రెండు ముక్కలు తిను. కడుపులో ఏదైనా పడితే కోపం దిగుతుంది."

వంటింట్లోకి లాక్కుపోయి పళ్లెంలో ఆక్టోపస్ పులుసు పెట్టింది. చిన్న ఉల్లిపాయలతో చేసేది. ఈ పులుసు విషయంలో మాకు ఇరవై ఏళ్ల తగువు. దాల్చినచెక్క వెయ్యదు ఆవిడ, నేను వేస్తాను. తిన్నాను. మెత్తగా, ఉప్పగా, కాస్త పుల్లగా ఉంది. అంతే. ఏదో ఒకటి అనాలి కదా.

"ఎప్పటిలాగే. దాల్చినచెక్క లేదు" అన్నాను.

ఎవంథియా గరిటె తీసుకుని గిన్నె అడుగు నుంచి కలిపింది. వేలంత పొడుగు చెక్కలు రెండు పైకి తేలాయి. గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. ఇరవై ఏళ్ల తగువు గెలిచిన మనిషి ముఖంలో నవ్వుండాలి. లేదు. పొయ్యి ఆపేసింది.

"వదినా, ఎప్పట్నుంచి?" అంది మెల్లగా.

వచ్చేశాను. ఇంటి దాకా ఎవరి ముఖమూ చూడలేదు.

మే 23, గురువారం

ఆ చెక్కలు అప్పటికప్పుడు గిన్నెలో పడేసి ఉంటుంది. నేను గుమ్మంలో అరుస్తున్నప్పుడు.

మే 24, శుక్రవారం

నేను అరుస్తున్నప్పుడు ఆవిడ నా ఎదురుగానే ఉంది.

జూన్ 1, శనివారం

గట్టు మీద గ్లాసులు అలాగే వదిలేసి రాయడానికి కూర్చున్నాను.

పొద్దున ఆర్గిరిస్ మొన్న దెబ్బ తగిలించుకున్న మోకాలి కట్టు మార్పించుకోవడానికి వెళ్లాడు. సీసాలు నిండుకున్నాయి. నేనే నింపాను. కిటికీ వైపు జాడీ సోంపుది, తలుపు వైపుది సోంపు లేనిది, ఎప్పుడూ అలాగే. మూత తీసి అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ తల కూడా ఊపాను. సీసాలు నింపి, ఏ బుట్టలో పెట్టాల్సినవి ఆ బుట్టలో పెట్టాను.

రీజోస్ అన్నయ్య పన్నెండున్నరకి వచ్చాడు. ఆయనని ఏది కావాలని ఎవరూ అడగరు. సోంపు లేనిదే. నలభై ఒక్క ఏళ్ల కిందట వాళ్ల తమ్ముడు పడవతో సహా మునిగిపోయిన రోజు, రేవులో జనం ఆయన చేత సోంపు చిపురో గ్లాసు తర్వాత గ్లాసు తాగించారు, తెలివి తప్పేదాకా. అప్పట్నుంచి సోంపు వాసన తగిలితే ఆయనకి రేవులో మిగిలిన తమ్ముడి చెప్పులు కనిపిస్తాయట. ఒకేసారి చెప్పాడు నాతో. పెళ్లిళ్లలో సోంపు మిఠాయి పంచితే బయటికెళ్లి నిలబడే మనిషి.

మొదటి సీసా పెట్టాను, ఆలివ్‌లూ పచ్చడీ పెట్టాను. గ్లాసు నోటి దాకా తీసుకెళ్లి ఒక్క క్షణం ఆగాడు.

"ఏం అన్నయ్యా?"

"ఏం లేదు. ఎండగా ఉంది" అని ఒక్క గుక్కలో తాగేశాడు.

రెండో సీసా తాగాడు. మూడోది తాగాడు. నీళ్లు కలుపుకోడు, ఐస్ వేసుకోడు, ఎప్పుడూ అంతే. మామూలుగా మూడోదానికి పాత పడవల కబుర్లు మొదలవుతాయి. ఇవాళ మాట్లాడలేదు. పైకి లేచి, బల్ల పట్టుకుని నిలబడి, "చెయ్యి చల్లగా ఉండాలి చెల్లెమ్మా" అని వెళ్లిపోయాడు.

గ్లాసు కడగడానికి తీశాను. అడుగున వేలెడు మిగిలింది. కుళాయి కింద పెట్టాను.

తెల్లబడింది. పాలలాగా.

సోంపు లేనిది నీళ్లు పడితే తెల్లబడదు. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. బుట్టలోంచి ఇంకో సీసా తీసి గ్లాసులో పోసి నీళ్లు కలిపాను. తెల్లబడింది. ఇంకోటి. తెల్లబడింది. గట్టు మీద ఏడు తెల్లటి గ్లాసులు వరుసగా.

నలభై ఒక్క ఏళ్లు నోటికి తగలనివ్వని దాన్ని మూడు సీసాలు నా చేత్తో ఆయనకి పోశాను. ఆయన తాగాడు.

అప్పుడు బల్ల కింద చూశాను. ఇందాక పెట్టిన నెత్తళ్లు, మొన్నటి రొయ్య, ఉప్పుచేప తోక. పిల్లులు కూడా వదిలేసినవి.

జూన్ 2, ఆదివారం

రీజోస్ అన్నయ్య రాలేదు. నేనే వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది, రాత్రంతా వాంతులట.

"ఎందుకు తాగావు అన్నయ్యా?"

"నువ్వు పోశావు కదా."

"ఇది కాదు నాది అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

"అందరూ ఉన్నారక్కడ. అంటే పదిమందిలో నీ తల దించినట్టవుతుంది."

"పళ్లేలో? అవి కూడా అంతేనా?"

చాలాసేపు దుప్పటి అంచు సర్దుకున్నాడు. "అడిగి తెప్పించుకున్నదైతే బాగాలేదని వెనక్కి పంపుతాం చెల్లెమ్మా. నువ్వు ప్రేమగా పంపినదాన్ని ఎలా పంపుతాం? ఎవరమూ పంపలేకపోయాం. పళ్లెంలోది చుట్టుకుపోవడానికి ఎవరి జేబు రుమాలు వాళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టాం." తల గోడకి ఆనించి అన్నాడు, "కానీ ఇక నా వల్ల కాదు. నిన్నటిది ఇంకోసారి నా వల్ల కాదు. ఏమీ అనుకోకు."

ఏమనుకుంటాను.

ఇంటికొచ్చి ఆర్గిరిస్‌ని కూర్చోబెట్టాను. "నీకు తెలుసా?"

"ఉపవాసాల మొదటి వారం నుంచీ."

"ఆల్చిప్పలు?"

"కుళ్లిపోయాయి. వీధి చివరికి కొట్టింది కంపు. నువ్వు పక్కనే నిలబడి పాట పాడుకుంటున్నావు. ఏం చెప్పను? అప్పట్నుంచి నువ్వు ఏరినవి నేను మళ్లీ ఏరుతున్నాను, నువ్వు స్నానానికెళ్లినప్పుడు."

"జాడీలు?"

"కడగడానికి దించాను శుక్రవారం. ఎటుది అటు పెట్టానో లేదో చూసుకోలేదు. నేనే నింపుతాను కదా అనుకున్నాను. అది నా తప్పు."

నా తప్పు అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చివరికి అడిగాను, అడగకుండా ఉండలేకపోయాను. "కాగితంలో పేరు?"

తల దించుకున్నాడు. "నేనే వెళ్లి చెప్పాను. తినే చోట్లలోంచి తీసేసి తాగే చోట్లలో పెట్టమని. మనవాళ్లు ఏం పెట్టినా తింటారు అసిమీనా. కొత్తవాళ్లు తినరు. ఎవడో ఒకడు పళ్లెం తోసేసి నాలుగు మాటలంటాడు. నువ్వు తట్టుకోలేవు."

ఆడపడుచుని పదిమందిలో దొంగని చేశాను. చేసినవాడు నా మంచం మీదే పడుకుంటున్నాడు. నిప్పులు చెరగాలి నిజానికి. ఓపిక లేదు. ఆయన చొక్కాలోకి ముఖం పెట్టి ఏడ్చాను. ముప్పై నాలుగేళ్లు ఆ చొక్కాకి చేపలూ పొగాకూ కలిసిన వాసనొకటి ఉండేది, ఎన్నిసార్లు విసుక్కున్నానో. అది కూడా లేదు.

డాక్టర్ అన్నది పూర్తిగా రాయలేదు ఆ రోజు. ఆరు నెలల్లో రావచ్చు, ఏడాదికి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. మూడోది అంటున్నప్పుడు నా ముఖంలోకి చూశాడు.

జూన్ 5, బుధవారం

పొయ్యి వెలిగించలేదు.

జూన్ 6, గురువారం

వెలిగించలేదు.

జూన్ 8, శనివారం

ఎవంథియా వచ్చింది. నేను మాట వెతుక్కునేలోపే, "క్షమించమని మొదలుపెట్టావంటే వెనక్కెళ్లిపోతాను వదినా" అంది. కూర్చుని కాఫీ తాగింది. పులుసులో దాల్చినచెక్క ఎప్పట్నుంచి వేస్తున్నావని అడిగాను. ఆరేళ్లయిందట. "నీకు చెప్తే నెత్తెక్కుతావని చెప్పలేదు." ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది, ఆవిడకీ ఆగిపోయింది.

వెళ్తూ వెళ్తూ బల్ల మీద ఎర్ర దారం ఉండ వదిలేసింది. మర్చిపోయిందనుకుని పిలిచాను. వెనక్కి తిరక్కుండా చెయ్యి ఊపింది.

రెండు గంటలు అది బల్ల మీదే ఉంది. ఆ తర్వాత సామాన్ల గదిలోకి వెళ్లి, రెండు జాడీల్లోంచీ గ్లాసుల్లో పోసి, నీళ్లు కలిపి చూసుకుని, తెల్లబడినదాని జాడీ మెడకి మూడు చుట్లు చుట్టి ముడి వేశాను.

జూన్ 17, సోమవారం

సెలవు రోజు, వేసవి మొదలు. కొట్టు తీశాం. వంట ఆర్గిరిస్ చేస్తానన్నాడు. నలభై ఏళ్లు పళ్లేలు మోసినవాడికి వండటం ఎంతసేపు అన్నాడు. నేను బయట కూర్చుని సోంపుదా, లేనిదా అని అడిగి సీసాలు ఇవ్వాలి.

నెత్తళ్లు వేయించి మొదటి వాయి నా దగ్గరికే తెచ్చాడు. "చూడు."

"ఉప్పు సరిపోయింది" అన్నాను.

"మిగతాది?"

"మిగతాది నాకు తెలీదయ్యా."

ఆ మాట బయటికి రావడం ఇదే మొదటిసారి. ఆకాశమేం ఊడి పడలేదు. ఆర్గిరిస్ తల ఊపి లోపలికెళ్లిపోయాడు. రంగు చూస్తే మాత్రం తెలుస్తూనే ఉంది, పిండి మాడింది, లోపల చేప ఉడకలేదు. నూనె కాగకముందే వేసి, భయపడి మంట పెంచి ఉంటాడు. చెప్పలేదు. రేపు చెప్తాను.

పన్నెండున్నరకి రీజోస్ అన్నయ్య వచ్చాడు. పదిహేను రోజుల తర్వాత. సన్నబడ్డాడు. సీసా ఆయన ముందే గ్లాసులోకి వంచి, రెండు చుక్కలు నీళ్లు పోసి చూపించాను. తెల్లబడలేదు. "ఇదంతా ఎందుకు చెల్లెమ్మా" అన్నాడు గానీ, చూశాకే తాగాడు.

ఆర్గిరిస్ స్వయంగా నెత్తళ్ల పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టి, కుంటుకుంటూ లోపలికి పరిగెత్తాడు, ఇంకో వాయి పొయ్యి మీదుందని. రీజోస్ అన్నయ్య ఒకటి తిన్నాడు. మెల్లగా నమిలాడు. ఇటూ అటూ చూశాడు. చెయ్యి బల్ల కిందికి వెళ్లింది. గోధుమరంగు పిల్లి వచ్చింది, దాని వెనక రెండోది.

నేను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను.

కాసేపటికి ఆర్గిరిస్ పళ్లెం తీసుకోవడానికి వచ్చాడు. మూడు నెలలు నా పళ్లేలు ఎలా ఖాళీ అయ్యాయో దగ్గరుండి చూసిన మనిషే. అయినా ముఖం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది.

"చూశావా, ఒక్కటి మిగల్చలేదు" అన్నాడు.

"చూశాను" అన్నాను.